బరువు సరిపోయిన బుట్ట

ఆ రోజు పొద్దున ఎండ ముదరకముందే కారు వీధి మలుపు దాటాలని ఇంట్లో నలుగురూ ఒప్పుకున్నారు. ఆ ఇంట్లో నలుగురూ ఒక మాట మీద ఉండటం అరుదు. కిటికీ తెరవాలా మూయాలా అన్న దగ్గర కూడా రెండు పక్షాలుండేవి. కానీ ఈసారి సంగతి వేరు. మామగారు ఏడాది తరవాత గడప దాటి వస్తానన్నారు. కొండల మీద ఊళ్ళో ఉన్న ఆయన చెల్లెలు రమ్మని ఫోను చేసిన ప్రతిసారీ "చూద్దాంలే" అని పెట్టేసే మనిషి, ఉన్నట్టుండి "సరే, వస్తాం" అన్నారు. ఆయన మనసు మార్చుకునేలోగా కారెక్కించెయ్యాలని మిగతా ముగ్గురి తొందర.

మామగారు బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. అత్తగారు పోయి ఏడాది దాటింది. అప్పటినుంచి ఆయన కంచం ముందు కూర్చోవడం, నాలుగు ముద్దలు కెలకడం, "బాగుందమ్మా" అని లేచిపోవడం. బాగుందన్న మాట వినీ వినీ కోడలికి చేదెక్కింది. నిజంగా బాగుంటే కంచంలో అంత ఎందుకు మిగులుతుంది? ఏడాది పొడుగునా ఏ వంటా ఆయన చేత మారు అడిగించలేదు. ఈ ప్రయాణంలో ఒక్క పూటైనా ఆయన కడుపునిండా తింటే చాలని ఆమె కోరిక. ఆ మాట పైకి చెప్పలేదు. చెబితే ఆడపడుచు దానికి వైద్యం మొదలుపెడుతుంది, భర్త దానికి ఇన్సూరెన్స్ చేయిస్తాడు.

ఆమె ఆశకు ఆధారం అత్తగారి బుట్ట. ఆవిడ ఉన్న రోజుల్లో మామగారూ ఆవిడా ఏటా ఒకసారి, ఇద్దరే, కారులో ఆ కొండ ఊరికి వెళ్ళి వచ్చేవారు. బయల్దేరే రోజు ఆవిడ అందరికంటే ముందు లేచి వంటింటి తలుపు వేసుకునేవారు. గిన్నెల చప్పుడు ఇల్లంతా వినిపించేది. అందరూ లేచేసరికి పెద్ద వెదురు బుట్ట, దాని మీద బిగించి కట్టిన తెల్లగుడ్డ, గుడ్డ మీద ఎవరికీ లొంగని ముడి సిద్ధంగా ఉండేవి. బయట తిండి ముట్టకూడదన్నది ఆవిడ పెట్టిన నియమం. చిన్నప్పుడు పిల్లలు బడి గేటు దగ్గర ఏదైనా కొనుక్కు తిన్నారని తెలిస్తే, ఆ సాయంత్రం ఇంట్లో విచారణ జరిగేది. బుట్ట కట్టడం తనకూ నేర్పమని కోడలు ఒకసారి అడిగితే, "ఇది నేర్పితే వచ్చేది కాదమ్మా" అని నవ్వి ఊరుకున్నారు.

ఆ మాట కోడలి మనసులో ముల్లులా ఉండిపోయింది. ఎందుకంటే కట్టడమే ఆమె ఉద్యోగం. పార్సిల్ ఆఫీసులో ప్యాకింగ్ విభాగం అంతా ఆమె చేతి కిందే నడుస్తుంది. గాజు గిన్నెలైనా గోడ గడియారాలైనా ఆమె కట్టిన పెట్టెలో చెక్కు చెదరకుండా చేరతాయి. కొత్తగా చేరినవాళ్ళకు ఆమె మొదట చెప్పేది రెండే ముక్కలు. బరువైనవి ఎప్పుడూ అడుగున ఉండాలి, ఖాళీ ఎక్కడా ఉండకూడదు. ఖాళీ ఉంటే మిగతావి కదులుతాయి. పెట్టెను చేత్తో ఎత్తి ఆమె బరువు చెబితే, కాటా కూడా దానికి ఒప్పుకోవలసిందే. అత్తగారు చివరిసారి ప్రయాణమైనప్పుడు ఆ బుట్టను మోసుకెళ్ళి కారులో పెట్టింది ఆమే. ఆ బరువు ఇంకా చేతికి గుర్తుంది. అంత బరువున్నా లోపల ఒక్క డబ్బా చప్పుడు చెయ్యలేదు. అలాంటి కట్టు తన సర్వీసులో చూడలేదని మర్నాడు ఆఫీసులో కూడా చెప్పుకుంది.

అందుకే ముందురోజు ఆమె మామగారి దగ్గరికి వెళ్ళి, దారికి ఏం కట్టమంటారని అడిగింది. ఆయన పేపరు మీంచి తల ఎత్తలేదు.

"మీ అత్తగారు కట్టినట్టు కట్టమ్మా, చాలు."

ఆ 'చాలు' ఆమెకు ఏనుగును తెచ్చి పెరట్లో కట్టేస్తే చాలు అన్నట్టుగా ఉంది.

ఏం కట్టాలన్నది తేలడానికి సాయంత్రం పట్టింది. భర్త ఇన్సూరెన్స్ కంపెనీలో దెబ్బతిన్న కార్లను పరీక్షించి, నష్టం అంచనా వేసే మనిషి. ఏ వస్తువును చూసినా అది ఎలా పాడవుతుందో ఆయనకు ముందు కనబడుతుంది. పైగా కారు సీట్లకు ఈ మధ్యే లేత రంగు కవర్లు వేయించాడు. కాబట్టి కారేవి, జారేవి, మరకలయ్యేవి వద్దన్నాడు. ఆడపడుచు ఆసుపత్రిలో నర్సు. ఉప్పు, తీపి, నూనె ఈ మూడింటినీ ఇంట్లోకి చొరబడ్డ దొంగల్లా చూస్తుంది. నాన్న బి.పి. గుర్తుపెట్టుకోమంది. ఇద్దరి మాటా విని కోడలు చివరికి తనకు తోచిందే చేసింది. రొట్టెలు, బంగాళాదుంప కూర, ఉడికించిన గుడ్లు, కేకు. కూర మామగారికి ఇష్టం. కేకు ఆయనకు మరీ ఇష్టం. ఆడపడుచు ముఖం చూసి కూరలో మాత్రం ఉప్పు వెయ్యడం మానేసి, మిగతావాళ్ళ కోసం ఉప్పు వేరే పొట్లం కట్టింది.

తెల్లవారి ఆమె బుట్ట కట్టిన తీరు ఆఫీసులో కుర్రాళ్ళను పిలిచి చూపించదగ్గది. ఒక్కో డబ్బా ఒక్కో గుడ్డలో చుట్టింది. అడుగున రొట్టెలు, వాటి పక్కన కూర, పైన గుడ్లు, కేకు. మూల మిగిలిన సందులో ఉప్పు పొట్లం. రొట్టెల డబ్బా చుట్టడానికి అత్తగారు దాచుకున్న గళ్ళ గుడ్డ వెతికి తీసింది. ఆ తరవాత కాఫీ తాగుతున్న ముగ్గురి ముందూ నిలబడి ప్రకటించింది.

"ఎర్ర గుడ్డలో కూర. గళ్ళ గుడ్డలో రొట్టెలు. పసుపు గుడ్డలో గుడ్లు. నీలం గుడ్డలో కేకు. దారిలో ఏది ఎక్కడుందని నన్ను అడగొద్దు. ఇక మార్పుల్లేవు. ఎవరైనా ఒక్కటి తీసినా, బుట్ట ఎత్తగానే నాకు తెలిసిపోతుంది."

చివరి మాట అనకుండా ఉండాల్సింది. దొంగలకు తాళం ఎలాంటిదో చెప్పినట్టయింది.

ఆమె స్నానానికి వెళ్ళగానే మొదట వంటింట్లోకి నడిచింది భర్త. ఎర్ర గుడ్డ వైపు చూస్తుంటే ఆయన కళ్ళకు డబ్బా మూత ఊడటం, నూనె పాకటం, లేత రంగు సీటు మీద మరక ఒక దేశపటంలా విస్తరించటం వరసగా కనబడ్డాయి. ఉద్యోగంలో అలాంటివి ఎన్నో చూశాడు. కూర తీసేస్తే ఏం పోయింది? రొట్టెలున్నాయి, గుడ్లున్నాయి, కేకుంది. కాకపోతే బరువు. ఆయన కారు డిక్కీలోంచి నట్లు బిగించే పానాలు తెచ్చి, అలాంటిదే ఇంకో డబ్బాలో సర్ది, ఒక చేత్తో అదీ ఒక చేత్తో ఇదీ ఎత్తి చూసుకుని, తృప్తిపడి ఎర్ర గుడ్డలో చుట్టాడు. కూర ఫ్రిజ్‌లో పెడితే దొరికిపోతాడు. అందుకని వెనక గోడ మీంచి పక్కింటి టైలరమ్మను పిలిచి డబ్బా అందించాడు. ఆవిడ నోట్లో గుండుసూదులున్నాయి కాబట్టి ఎందుకని అడగలేకపోయింది. మా ఇంట్లో ఎవరికీ చెప్పకండని ఆయన అంటే తల ఊపింది.

ఆయన అటు వెళ్ళగానే ఆడపడుచు వచ్చింది. ఆమె దృష్టి నీలం గుడ్డ మీదే. వదిన మనసు నొప్పించడం ఆమెకు ఇష్టం లేదు, తండ్రి ఒంట్లోకి చక్కెర పంపడం అంతకంటే ఇష్టం లేదు. కేకు ఒక్కటి లేకపోతే ఏం? కూరుంది, రొట్టెలున్నాయి, గుడ్లున్నాయి. ఎలాగూ వెంట తీసుకెళ్ళాల్సిందేనని బి.పి. మిషను పెట్టెను నీలం గుడ్డలో చుట్టి కేకు స్థానంలో పెట్టింది. కేకు తీసుకుని వీధి గేటు మీదుగా టైలరమ్మ ఇంటికి వెళ్ళింది. ఈసారి ఆవిడ నోట్లో సూదులు లేవు గానీ, మాట ఇచ్చి ఉండటం వల్ల ఏమీ అడగలేదు. ఆడపడుచు కూడా మాట తీసుకుని వచ్చింది.

మూడోసారి వంటింట్లోకి వెళ్ళినవారు మామగారు. ఆయన బుట్ట ముడి విప్పి, ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసి, కాసేపు అలాగే నిలబడ్డారు. తరవాత అడుగున చెయ్యి పెట్టి రొట్టెల డబ్బా బయటికి తీశారు. ఏ ఉద్దేశంతో తీశారో, దాని బదులు ఏం పెట్టారో చూసినవాళ్ళు లేరు. ఆయన వెళ్ళిపోయాక వంటింటి వెనక తలుపు గాలికి దడాలున కొట్టుకుంది, అంతే. రొట్టెలు అందుకున్న టైలరమ్మ, ఆయన నోరు తెరవకముందే, ఎవరికీ చెప్పను లెండి బాబాయిగారూ అంది. ఆయన వెళ్ళిపోయాక మిషను ముందు కూర్చుని ఆవిడ చాలాసేపు ఆలోచించింది. వీళ్ళు ప్రయాణం మానుకున్నారా, లేక ఆ అమ్మాయి వంట మానుకున్నారా?

కోడలు స్నానం చేసి వచ్చేసరికి భర్త ముందుగదిలో చెల్లెలితో ఏదో చెబుతున్నాడు. తను పరీక్షించిన ఒక కారులో ఉడికించిన గుడ్లు మర్చిపోయారట. వాసన ఎంతకీ వదలక చివరికి ఆ కారును సగం ధరకు అమ్ముకున్నారట. వినేసరికి ఆమె కాళ్ళు ఆగిపోయాయి. మూసిన కారు, ఎండ, గుడ్ల వాసన. మామగారికి ఒకసారి కడుపులో తిప్పిందంటే ఇక ఆ రోజంతా ఆయన నోట్లోకి ఏదీ వెళ్ళదు. ఇన్నాళ్ళ ఆశ గుడ్ల పాలవుతుంది. కూర, రొట్టెలు, కేకు చాలవా?

మార్పుల్లేవని ఇందాకే చెప్పింది తను. ఇప్పుడు గుడ్లు తీసేశానంటే భర్త కాఫీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వుతాడు. ఆమె చప్పుడు కాకుండా పసుపు గుడ్డలోంచి డబ్బా తీసింది. తీయగానే బుట్టలో ఖాళీ ఏర్పడింది. ఖాళీ ఉంటే మిగతావి కదులుతాయి. బట్టల సంచిలో పట్టక బయట ఉండిపోయిన చిన్న ఇస్త్రీపెట్టె కనబడింది. పసుపు గుడ్డలో అది కొలిచి చేసినట్టు ఇమిడింది.

గుడ్లు తీసుకుని గుమ్మంలో నిలబడ్డ ఆమెను చూసి టైలరమ్మ లేచి నిలబడింది.

"నువ్వు కూడానా..."

"నేను కూడా అంటే?"

"అదే, నువ్వు కూడా ఊరు వెళ్తున్నావు కదా అని," అని ఆవిడ సర్దుకుని, డబ్బా అందుకుంటూ, "మధ్యాహ్నం మా ఇంట్లో పొయ్యి వెలిగించే పని లేదమ్మా," అంది. ఆ మాట దేనికో కోడలికి అర్థం కాలేదు. ఎవరికీ చెప్పొద్దని చెప్పి వచ్చేసింది.

బయల్దేరే ముందు ఆమె అందరి ఎదుటా బుట్ట ఎత్తింది. ముగ్గురూ ఆమె చేతి వైపే చూశారు. ఆమె ఒక క్షణం ఆగింది. చిత్రంగా, ఇందాకటికంటే ఇప్పుడే అది అత్తగారి బుట్ట బరువుకు దగ్గరగా ఉన్నట్టనిపించింది. ఇస్త్రీపెట్టె మహిమ కాబోలనుకుంది.

"సరిపోయింది," అంది.

నాలుగు ఊపిర్లు ఒకేసారి బయటపడ్డాయి. వాటిలో ఒకటి ఆమెదే.

ఇల్లు తాళం వేస్తుంటే వంటింటి వెనక తలుపు మళ్ళీ కొట్టుకుంది. ఆ తలుపుకు గొళ్ళెం సరిగా పడదు. ఎప్పుడూ ఒక నున్నటి నల్లరాయి దానికి అడ్డంగా ఉంటుంది. ఆ రాయికి కాలి వేళ్ళు తగలనివాళ్ళు ఇంట్లో లేరు, అయినా అత్తగారు ఉన్నంతకాలం దాన్ని పారెయ్యనివ్వలేదు. ఆ రాయి ఏమైందని కోడలు అడిగింది. తనకు తెలీదని భర్త, తనకూ తెలీదని ఆడపడుచు. మామగారు అప్పటికే కారెక్కి బెల్టు కూడా పెట్టేసుకున్నారు. చివరికి భర్త ఒక అట్టపెట్టె మడిచి తలుపు కింద దోపాడు.

టైలరమ్మ గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపింది. నలుగురూ ఎవరికి వారే, ఆవిడ నవ్వు తమ ఒక్కరి కోసమే అనుకున్నారు.

ఊరు దాటింది. పొలాలు వచ్చాయి, పోయాయి. పెట్రోలు బంకు దగ్గర భర్త ఆగినప్పుడు ఒకసారి, రైలు గేటు దగ్గర ఇంకోసారి ఆకలి మాట వచ్చింది. రెండుసార్లూ ఎవరో ఒకరు ఇంకాస్త దూరం వెళ్దామన్నారు. బుట్ట తెరవాలని ఎవరికీ తొందర లేదు. ఎవరు తీసిన డబ్బా వారికి కళ్ళ ముందు ఆడుతోంది. మిగతా మూడూ భద్రంగా ఉన్నాయన్నది ఒక్కటే ధైర్యం. చివరికి ఆకలి మొహమాటాన్ని మించిపోయింది.

"నేను ఆపలేను గానీ, ఎవరైనా ఆ కేకు కాస్త అందించండి," అన్నాడు భర్త, స్టీరింగు వదలకుండా.

ఆడపడుచు ఉలిక్కిపడింది. "అన్నం వేళకి తీపేంటన్నయ్యా? ముందు రెండు రొట్టెలు తిను."

"ఒట్టి రొట్టె గొంతు దిగుతుందా?" అన్నారు మామగారు ముందు సీటులోంచి. "గుడ్లు తియ్యండి."

"గుడ్లు కదిలే కారులో వొలవడం కష్టం మామయ్యా," అంది కోడలు. "ముందు కూర తినండి. మీకని చేశాను."

కారు ఒక్కసారి కుదుపు ఇచ్చింది. గుంత అని చెప్పాడు భర్త. రోడ్డు అద్దంలా ఉంది.

ఆ మాటల బండి మరో చుట్టు తిరిగింది. ఎవరూ తాము తీసినదాన్ని తినమనలేదు, ఎవరూ ఎదుటివారు చెప్పింది ఒప్పుకోలేదు. ఇంట్లో ఇంత అభిమానంగా ఒకరికొకరు తిండి వడ్డించుకోవడం ఏడాదిలో అదే మొదలు. వడ్డనే తప్ప తిండి లేదు. ఇంతలో మామగారు కిటికీలోంచి బయటికి చూసి, అదిగో అక్కడ ఆపు, నీడ బాగుంటుంది అన్నారు. రోడ్డు పక్క మూడు చెట్లు, వాటి కింద సిమెంటు బల్ల ఒకటి ఉన్నాయి. అవతల రేకుల షెడ్డు, దాని ముందు వరసగా ఆగిన లారీలు. షెడ్డులోంచి వేడి నూనె వాసన గాలి మీద వస్తోంది.

బుట్ట బల్ల మీదికి చేరింది. కోడలు ముడి విప్పింది. ఇంకెవరూ ముట్టుకోకూడదనుకుందో ఏమో, మొదట పసుపు గుడ్డ తనే తీసి ఒక పక్కన పెట్టి, దాని మీద చెయ్యి వేసి కూర్చుంది. తరవాత భర్తను కూర తియ్యమంది. ఆయన ఎర్ర గుడ్డ ముట్టుకోకుండా, చెల్లెల్ని కేకు కొయ్యమన్నాడు. చెల్లెలు నీలం గుడ్డ వైపు చూసి, వదిన చేతి కింద ఉన్నది ఏమిటని అడిగింది.

"గుడ్లు," అంది కోడలు.

"మరి తియ్యి."

"మీ అన్నయ్యని కూర తియ్యమను, తీస్తాను."

ఎవరూ కదలకపోవడం చూసి మామగారు లేచి ఎర్ర గుడ్డ విప్పారు. పానాలు ఎండలో మెరిశాయి. అందరూ భర్త వైపు చూశారు. సీటు కవర్లు కొత్తవని ఆయన ఏదో చెప్పబోయాడు. కోడలు నీలం గుడ్డ విప్పింది. బి.పి. మిషను బయటపడింది. అంతవరకూ తల దించుకున్న భర్తకు ఒక్కసారిగా ప్రాణం లేచి వచ్చింది. కేకు ఎక్కడ పెట్టావని చెల్లెల్ని నిలదీశాడు. కూర ఎక్కడ పెట్టావో చెబితే చెబుతానంది ఆమె. ఇద్దరి జవాబూ ఒకటే. పక్కింటి టైలరమ్మ.

"నా వంటంతా ఆవిడకి దోచిపెట్టారన్నమాట," అంది కోడలు. "ఏడాదిగా ఈ మనిషి ఒక్క పూట సరిగా తినలేదు. దారిలోనైనా తింటారని తెల్లవారుజామునుంచి పొయ్యి దగ్గర నిలబడ్డాను. చెప్పి తియ్యడానికి మీ ఇద్దరికీ నోరు రాలేదు."

ఇద్దరూ తలలు దించుకున్నారు. అప్పటికి ఆమె చెయ్యి కోపంలో పసుపు గుడ్డ మీంచి జారింది. గుడ్డ అంచు తొలగి ఇస్త్రీపెట్టె పిడి కనబడింది.

భర్త దాన్ని చూశాడు. ఆడపడుచు చూసింది. ఉద్యోగరీత్యా నష్టాన్ని నెమ్మదిగా, అన్ని వైపులనుంచీ చూసే అలవాటున్న భర్త, గుడ్డ పూర్తిగా తొలగించి, "గుడ్లు బాగా గట్టిగా ఉడికాయి," అన్నాడు.

కోడలికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. కారులో వాసన వస్తుందని భయపడి తీశానంది. ఎవరికిచ్చావని ఎవరూ అడగలేదు. ఇక మిగిలింది గళ్ళ గుడ్డ. రొట్టెలైనా ఉన్నాయి, ఉప్పు నంచుకు తిందామని ఆమె మూట ముందుకు లాగింది. లాగిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. చేతికి ఆ బరువు తెలుసు. గుడ్డ విప్పితే, మధ్యలో, ఇంట్లో అందరి కాలి వేళ్ళకూ తెలిసిన నున్నటి నల్లరాయి.

ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మామగారు రాయిని తీసి బల్ల మీద పెట్టి, తువ్వాలుతో దాని దుమ్ము తుడిచారు.

"అది మీ అమ్మది," అన్నారు పిల్లలతో.

తరవాత ఆయన చెప్పింది ఎక్కువేం లేదు. పెళ్ళయిన కొత్తలో ఆవిణ్ణి అప్పుడప్పుడు తన బస్సులో ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకొచ్చేవారట. బస్సు ఈ షెడ్డు దగ్గరే ఆగేది. ఆవిడకు ఇక్కడి తిండి తెగ నచ్చింది. కానీ ఇంట్లో ఆయన తల్లి బయట తిండి ఒప్పుకునే మనిషి కాదు. బుట్ట కట్టుకెళ్తున్నారో లేదో ఎత్తి మరీ చూసేవారు. అందుకని ఆయన భార్య ఏటిగట్టున ఒక రాయి ఏరి తెచ్చింది. గళ్ళ గుడ్డలో చుట్టి బుట్టలో పెట్టేది. ఇక్కడికొచ్చి తిని, తిరిగి వెళ్ళి బుట్ట కడిగి బోర్లించేది.

"మరి నాయనమ్మ పోయాక కూడా ఎందుకు నాన్నా?" అంది ఆడపడుచు.

"అప్పటికి మీరు పుట్టారు. బయట తినొద్దని మీకు రోజూ చెప్పేది తనే. ఇక మానడానికి మొహం చెల్లలేదు."

"పొద్దున్నే ఆ గిన్నెల చప్పుడు?"

"అది మీకు వినబడటానికి."

కోడలు రాయి వంకే చూస్తోంది. అంత బరువున్నా చప్పుడు చెయ్యని కట్టు. లోపల ఉన్నది ఒకటే వస్తువైతే చప్పుడెక్కడినుంచి వస్తుంది? ఆ సంగతి నిన్నగాక మొన్న చేరిన కుర్రాడైనా చెబుతాడు. ఆమెకు తట్టలేదు. ఆఫీసులో కూడా పొగిడి వచ్చింది.

"నీకు తెలుసనుకున్నానమ్మాయ్," అన్నారు మామగారు, ఆమె వైపు తిరిగి. "పార్సిళ్ళ మనిషివి. కిందటిసారి బుట్ట ఎత్తి, కారులో పెట్టి, మీ అత్తగారి వైపు చూసి నవ్వావు చూడు. తను ఇక్కడికి వచ్చేదాకా అదే మాట. అమ్మాయికి తెలిసిపోయింది, అయినా బయటపెట్టలేదు, మన పిల్లే అని. అందుకే నిన్న అత్తగారు కట్టినట్టు కట్టమన్నాను. పొద్దున చూస్తే బుట్టలోంచి రొట్టెల వాసన. రొట్టెలు లేకపోతే ఇక్కడ ఆగక తప్పదని, అవి తీసి రాయి పెట్టాను. మిగతావి కూడా పోతాయని నాకేం తెలుసు."

రోడ్డు మీద ఒక లారీ వెళ్ళిపోయింది. అవతలినుంచి షెడ్డు యజమాని వీళ్ళను చూసి, చేతులు తుడుచుకుంటూ రోడ్డు దాటి వచ్చాడు. మామగారికంటే కాస్త చిన్నవాడు. రాయిని చూసి నవ్వాడు.

"రండి డ్రైవరుగారూ. చాలా రోజులైంది. అమ్మగారు కారులో ఉన్నారా?"

"లేదు," అన్నారు మామగారు. "తను లేదు. ఏడాదైంది."

యజమాని నవ్వు అలాగే ఆగింది. వంగి బుట్ట అందుకున్నాడు.

"ఇది ఎప్పట్లాగే బల్ల కింద పెట్టిస్తాను," అన్నాడు.

షెడ్డులో మామగారు ఎప్పుడూ కూర్చునే బల్ల ఒకటుంది. గోడ పక్కది. అడక్కుండానే వేడి అన్నం, సెగలు కక్కే కూర, అంచులు కరకరలాడే ఆమ్లెట్టు వచ్చాయి. భర్త మొదటి ముద్దకే చొక్కా మీద కూర ఒలకబోసుకున్నాడు. ఆ నష్టం ఎవరూ అంచనా వెయ్యలేదు. ఆడపడుచు తండ్రి కంచం చూసి బి.పి. మిషను పెట్టె బల్ల మీద పెట్టింది. ఆయన తినడం కాసేపు చూసింది. తరవాత పెట్టెను మళ్ళీ నీలం గుడ్డలో చుట్టేసింది.

మామగారు మాట్లాడకుండా తిన్నారు. కెలకలేదు. కంచం ఖాళీ అయింది. ఇప్పుడు బాగుందమ్మా అని లేస్తారని కోడలు ఎదురుచూసింది. ఆయన కంచం ఆమె వైపు జరిపారు.

"ఇంకాస్త పెట్టమ్మా."

ఆమె గరిట తీసుకుంది. వండింది ఎవరైతేనేం. అన్నం వడ్డించింది, కూర వడ్డించింది, వద్దనలేదు గనక ఇంకాస్త వడ్డించింది. అప్పుడే ఫోను మోగింది. టైలరమ్మ. నలుగురికీ ఇచ్చిన మాట నిలబెట్టుకుంటూనే, ఒక్క సంగతి మాత్రం అడగకుండా ఉండలేకపోతున్నానంది.

"అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి గానీ తల్లీ, కూరలో ఉప్పెందుకు లేదు?"

ఉప్పు తమ దగ్గరే ఉందని కోడలు చెప్పింది.

కొండ ఊళ్ళో మూడు రోజులు గడిచాయి. తిరుగు ప్రయాణం నాడు మామగారి చెల్లెలు తెల్లవారకముందే లేచి, దారికి తను కూడా ఏదైనా చేసిస్తానని వంటింటి వైపు వచ్చింది. తలుపు లోపలినుంచి వేసి ఉంది. లోపల గిన్నెల చప్పుడు జోరుగా వినిపిస్తోంది. తోడుగా సాయం చెయ్యనా, నాకూ కట్టడం నేర్పకూడదా అని ఆవిడ బయటినుంచి అడిగింది.

"ఇది నేర్పితే వచ్చేది కాదు పిన్నిగారూ," అంది కోడలు లోపలినుంచి.

కాసేపటికి బుట్ట బయటికి వచ్చింది. ఆవిడ దాన్ని ఎత్తి చూసి, ఒక్క పూటకి ఇంత తిండేమిటని అన్నగారి మీద జాలిపడింది. అన్నగారు కారులో ముందే కూర్చుని, దారి పొడుగునా ఆకలేస్తుందని చెప్పారు. కోడలు గళ్ళ మూటను అప్పటికే బుట్టలో అడుగున పెట్టేసింది. బరువైనవి ఎప్పుడూ అడుగునే ఉండాలి.